మూడో చరణం ఎవరు తీశారు

పాటలో మూడో చరణం లేదు. మా తెలుగువాళ్లుండే డిండోలిలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే ఎవరో తీసిన వీడియో నా ఫోన్‌కు వచ్చింది. మొదటి చరణం ఉంది, రెండోది ఉంది. మూడోది రావాల్సిన చోట వేరే ఏదో మొదలైంది. ఫోన్ ఆపేశాను. మిగతాది వినే ఓపిక నాకు లేదు. నా చరణం కోసేశారు, అంతే.

ఆ పాట నాదీ వెంకటయ్యదీ. మాటలు నావి, బాణీ వాడిది. బమ్రోలిలో ఒకే ఖాతాలో, అదే మరమగ్గాల షెడ్డులో, ఎదురెదురు సాంచాల మీద పదకొండేళ్లు బట్ట నేశాం. వారానికో సెలవు కావాలని మా కమిటీ పెట్టిన ప్రతి మీటింగులో అదే పాట. అందులో సేఠ్‌ను నేరుగా తిట్టేది మూడో చరణమే. అది మాయమైందంటే ఎవరికి లాభం?

వెంకటయ్య మీద నాకు అనుమానం ఊరికే రాలేదు. రెండు నెలల కింద వాడికి దిన్ పాళీ దొరికింది. పగటి పని మా ఖాతాలో అడిగినవాడికల్లా ఇవ్వరు, అది మా మీద పని చూసే ముకద్దం దయ. నన్ను రాత్రికే ఉంచారు. పైగా కొత్త పాటకు బాణీ కట్టమంటే "ఇంక కుదరలే బావా" అని దాటేస్తున్నాడు. రెండూ కలిపి చూడండి. నేను చూశాను. వెంకటయ్య సేఠ్ మనిషయ్యాడని కమిటీలో చెప్పేశాను. బుధవారం కరెంటు మరమ్మతు, పగలంతా సాంచాలు బంద్. ఆ మధ్యాహ్నం మీటింగులో తేలుద్దామన్నారు. తేలిందంటే వాడు కమిటీ బయటికే.

సాక్ష్యం కావాలి కదా. బుధవారం పొద్దున బుచ్చవ్వ దగ్గరికి వెళ్లాను. డిండోలిలో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆవిడే. గడప ముందు కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది.

"అవ్వా, మూడో చరణం తీసెయ్యమన్నది వెంకటయ్యే గదా?"

బుచ్చవ్వ తల ఎత్తలేదు. "వాడెందుకంటడు? నేనే తీసేసిన."

"నీకెవలు చెప్పిండ్రు?"

"నా కాలు చెప్పింది. గా చరణం వచ్చిందంటే అడుగు పడది. ఒకదాని కాలు ఇంకోదాని మీద. మా కోడలు లత బొటనేలు వాచింది, నీ పుణ్యాన. జర నువ్వే పాడు, చూస్త."

పాడాను. "శ్రమదోపిడీ యాజమాన్య కుట్రలను ఛేదించి ఉయ్యాలో" అని మొదలుపెట్టాను. బుచ్చవ్వ చప్పట్లు కొట్టింది. ఆవిడ చప్పట్లు ఎక్కడికో వెళ్లిపోయాయి, నేనింకా కుట్రల దగ్గరే ఉన్నాను.

"ఏంది కొడుకా, గది పాటనా, గోడకు అంటించే కాయిదమా? ఇగ మాది విను."

ఆవిడ పాడింది.

"ఆదివారం అడిగినందుకు ఉయ్యాలో
వారమంత ఇంట్ల ఉంచిరి ఉయ్యాలో"

నిరుడు సెలవు అడిగినందుకు ఆరుగురిని వారం రోజులు పనికి రానివ్వలేదు. అందులో ఈవిడ కొడుకు వినోద్ ఒకడు.

"గిది ఎవలు రాసిండ్రు?" అని అడిగాను. వెంకటయ్య పేరు వస్తుందేమోనని ఇంకా చూస్తూనే ఉన్నాను.

"రాసుడేంది? ఆడుకుంట అన్నం. ఎవలు ముందన్నరో యాదికి లేదు."

సేఠ్‌కు లొంగినవాడు ఈ మాటను పాటలోకి రానివ్వడు. నా చరణం కన్నా ఇదే గట్టిగా కొరుకుతోంది. అది ఒప్పుకోవడానికి నాకు కాసేపు పట్టింది. వీధి చివరిదాకా నడిచాక ఇంకోటి కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. మొదటి రెండు చరణాలు ఖాతాలో పుట్టాయి. సాంచాల చప్పుడులో ఏమీ వినపడదు కాబట్టి నేను పెదవులతో మాట చెప్పేవాణ్ణి, వెంకటయ్య నా భుజం మీద వేళ్లతో దరువు వేసేవాడు. మాట ఇమడకపోతే వేళ్లు ఆగేవి. ఎంత గొప్ప మాటైనా అక్కడే పారేసేవాణ్ణి. మూడో చరణం మాత్రం ఇంట్లో, ప్రశాంతంగా కూర్చుని రాశాను. వాడికి చూపకుండానే కరపత్రంలో అచ్చు వేయించాను. అది వచ్చేసరికి మీటింగుల్లో జనం ఎందుకు గొణిగేవాళ్లో నేను ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం మీటింగులో లేచి నిలబడ్డాను. "మూడో చరణం నేనొక్కణ్ణే రాసిన. బాగలేదు, అడుగు పడక లత బొటనేలు వాచిందట, ఆడోళ్లు తీసేసిండ్రు. వెంకటయ్య తియ్యలే. నేనన్నది తప్పు."

కమిటీలో సురేశ్ ఊరుకోలేదు. "మరి దిన్ పాళీ ఎట్లొచ్చె?"

ఆ ప్రశ్న వాడికి నేర్పింది నేనే.

వెంకటయ్య మెల్లగా లేచాడు. "ముకద్దంను అడుక్కున్న. మోకాళ్లు వాస్తున్నయ్, రాత్రి నిలవడలేక అడుక్కున్న. ఇంకేమన్న చెప్పాల్నా, సోమలింగం గారూ?"

పదకొండేళ్లలో వాడు నన్ను గారు అనడం అదే మొదలు.

"కొత్త పాట..." అన్నాను.

"నువ్వు రాత్రి, నేను పగలు. ఎవని భుజం మీద కొట్టాలె? గోడ మీదనా? కుదరలే కుదరలే అని రెండు నెలలసంది గదే మొత్తుకుంటున్న."

"బాణీ ఫోన్ల పంపు బావా."

"పంప. నీ మాట నీ ఇంట్ల, నా బాణీ నా ఇంట్ల. మల్ల లత బొటనేలు వాయాల్నా? పాట గావాల్నంటే నువ్వే పగటికి రా. ముకద్దంను అడుగు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఖాతాలో ముకద్దం ముందు దేనికీ చేయి చాపనివాణ్ణి నేనొక్కణ్ణే. కమిటీలో నా మాట నడిచేదీ అందుకే. వెంకటయ్యకు ఆ సంగతి బాగా తెలుసు.

మర్నాడు పొద్దున పాళీ మారే వేళకు ముకద్దం గది ముందు నిలబడ్డాను. "క్యా నేతాజీ, ఆప్‌కో భీ దిన్ పాళీ చాహియే?" అన్నాడు వాడు, నాకూ పగటి పని కావాలా అని. లోపలికి పోయేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ అందరూ వినేలా అన్నాడు. గేటు దగ్గర సురేశ్ ఆగి నన్నే చూస్తున్నాడు. మధ్యాహ్నానికల్లా కమిటీలో ఏం చెప్తాడో నాకు తెలుసు.

"చాహియే" అన్నాను.