ఎంకన్న ఇంట్లో కొత్త చేపలు

గంజి వార్చి, డేగిసా మీద తడిగుడ్డ కప్పి, పైన మూత పెట్టాడు ఎంకన్న. ఇక దేవుడు దిగివచ్చి అడిగినా ఆ మూత తీయడు. అన్నం ఉమ్మగిలాలి. ఊరేగింపుకు వేళవుతోందని హాస్టల్ కుర్రాళ్లు కంచాలు మోగించినా అదే మాట. యూనివర్సిటీ మెస్‌లో గరిటె పట్టిన ఇన్నేళ్లలో తన అన్నం పలుకు మీద ఉందని ఎవరూ అనలేదు. ఎంకన్నకు చెప్పుకోవడానికి ఉన్న గొప్పలే తక్కువ, అందులో ఇది మొదటిది.

ఇంకో గొప్ప ఇవాళ ఇంటికి రాబోతోంది.

లాలాపేటలో అతని పక్క వాటాలో సుందరరావు సారు ఉంటాడు. గుంటూరు వైపు మనిషి, చర్చి స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఆయన ఇంట్లో చేపల తొట్టి ఉండేది. డ్యూటీ దిగి దాని ముందు చతికిలబడ్డాడంటే ఎంకన్నకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. ఉద్యమం ముదిరాక టీవీ వార్తల దగ్గర ఇద్దరికీ పొసగడం మానేసింది. ఎంకన్న జేబుకు జై తెలంగాణ బిళ్ల, దాన్ని చూస్తే సారు కనుబొమలు ముడిపడేవి. అయినా తొట్టి ముందు కూర్చుంటే చేపల మాటే తప్ప ఇంకో మాట రాలేదు. ఇప్పుడు సారు తమ్ముడి దగ్గరికి, తెనాలికి వెళ్లిపోతున్నాడు. పోయిన వారమే తొట్టిని, రాళ్లతో, ముసలి చేపలతో సహా ఎంకన్నకు ఇచ్చేశాడు. నీళ్లు కూడా పారబోయకుండా ఇద్దరూ బిందెలతో మోశారు.

తాను కొన్న చేపలు తన ఇంట్లో ఈదుతుంటే సారు చూసి వెళ్లాలి. ఎంకన్న కోరిక అంతే. సామాన్ల వ్యాను రాత్రికి వస్తుందన్నారు కాబట్టి వేళ ఉందనుకున్నాడు.

మెస్ కడిగి తార్నాకకు నడిచాడు. రంగు చేపల దుకాణంలో నల్ల మాలీలు, ఎర్ర గప్పీలు, పసుపు రంగు నత్తలు ఏరుకున్నాడు. దుకాణం వాడు కవర్లలో గాలి నింపి రబ్బరుబ్యాండు బిగించాడు. బయటికొస్తే చౌరస్తా నిండా పోలీసులు, ఎక్కడో పేలిన బాష్పవాయువు ఘాటు. ఎంకన్న కవర్లను తువ్వాలు కింద పెట్టి పొట్టకు హత్తుకున్నాడు.

"ఏందది?" అని అడ్డం వచ్చాడు కానిస్టేబుల్.

"నత్తలు సార్."

కానిస్టేబుల్ తువ్వాలు ఎత్తి చూశాడు. మొహం మాత్రం గంభీరంగానే ఉంచుకుని, "కరుస్తయా?" అన్నాడు.

"పాచి తింటయ్ సార్, పాపం."

అది దాటితే రోడ్డు మీద బైఠాయించిన విద్యార్థులు. ఎవడో గుర్తుపట్టాడు. "మన మెస్ ఎంకన్నరా! తొవ్వియ్యిండ్రి!"

మంత్రి కారుకే దారివ్వని పిల్లలు వంటవాడికి జరిగి కూర్చున్నారు. ఎంకన్న ఛాతీ ఎంత పొంగిందో వేరే చెప్పాలా. "సంచిల ఏందన్నా?" అని అడిగితే, "సుట్టాలు!" అని నడక సాగించాడు.

ఇంటి ముందు వ్యాను నిలబడి ఉంది. రేపు బంద్, రోడ్లు మూస్తారని డ్రైవరు ముందే వచ్చేశాడట. సామాన్లు అప్పటికే సగం ఎక్కాయి. ఎంకన్న అడుగులు వడిగా పడ్డాయి.

గుమ్మంలో భార్య లచ్చమ్మ ఎర్రనీళ్ల పళ్లెంతో తయారు. "ఆగు, దిష్టి తీస్త."

"ఆణ్నే తియ్యి. గా ఎర్రనీళ్లు సుక్క తొట్టిల వడ్డా సచ్చిపోతయ్."

కవర్లను విప్పకుండా తొట్టి నీళ్ల మీద తేలనిచ్చాడు. కవర్లో నీళ్ల చల్లదనం, తొట్టి నీళ్ల చల్లదనం ఒకటి కావాలి. తర్వాత మూతి విప్పి, అంచులు మడిచి, టీ గ్లాసుతో తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కూర్చున్నాడు. కొత్త నీళ్లు ఒంటికి పట్టాలి. ఒక్కసారిగా వదిలితే ఆ పూటకు బాగానే ఈదుతాయి, మర్నాటికి వెల్లకిలా తేలుతాయి. ఇదంతా సారు నేర్పిందే.

సుందరరావు, ఆయన భార్య రాహేలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వీధిలోంచి హారన్ మోగింది.

"ఇడిసెయ్యరాదు, సారోల్లు పోతుండ్రు," అంది లచ్చమ్మ.

ఎంకన్న చెయ్యి కవరు మీదికి వెళ్లింది. వంచితే చాలు, సారు కళ్లు నిండుతాయి. ఇన్నాళ్ల కోరిక ఒక్క క్షణంలో తీరిపోతుంది. లోపల ఎర్ర గప్పీ ఒకటి ఆయాసపడుతూ మూతి తెరుస్తోంది. నత్తలు గట్టిగా తలుపులు వేసుకున్నాయి. ఎంకన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లేదే. ఇంకింత సేపు వట్టాలె." సారు వైపు చూడలేక గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. "మాఫ్ చెయ్యి సారూ. నీకు సూపియ్యలేకపోతున్న."

సుందరరావు వ్యాను దగ్గరికి వెళ్లి, ఎక్కించిన సామాన్లలోంచి ఒక చెక్క స్టూలు దింపుకొచ్చి తొట్టి ముందు వేసుకుని కూర్చున్నాడు. డ్రైవరు అరిచినా కదల్లేదు. ఎంకన్న గ్లాసు ముంచుతుంటే, పోస్తుంటే చూస్తూనే ఉన్నాడు. చివరికి రాహేలు భుజం తట్టింది.

"చూశావా రాహేలూ, నా చేతికన్నా నిదానం ఇతని చెయ్యి," అన్నాడు లేస్తూ. తర్వాత ఎంకన్న జేబు మీది బిళ్లను వేలితో తాకాడు. "మీ రాష్ట్రం వచ్చిన రోజు ఫోన్ చెయ్యి. నాకు సంతోషం కలగకపోవచ్చు. నీ సంతోషం మాత్రం వింటాను."

"చేప పిల్లలు పెట్టినా చేస్త సారూ," అన్నాడు ఎంకన్న.

వ్యాను సందు మలుపు తిరిగింది. ఎంకన్న సాగనంపి వచ్చి మళ్లీ గ్లాసు పట్టుకున్నాడు. ఎప్పటికో చిన్న వలతో ఒక్కొక్క చేపను తీసి తొట్టిలోకి వదిలాడు. మాలీలు రాళ్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, ముసలి చేపల పక్కన నిలబడ్డాయి. ఒక్కటీ ఆయాసపడలేదు. చాలాసేపటికి ఒక నత్త తలుపు తీసి, కొమ్ములు చాపి, అద్దం పట్టుకుని పాకడం మొదలెట్టింది. ఎంకన్నకు ఏడుపూ గర్వమూ కలిసే వచ్చాయి. వాటిలో గర్వమే పెద్దది.

"అయ్యో, సారోల్ల స్టూలు గీడనే ఉన్నదయ్యా!" అంది లచ్చమ్మ, పక్కకు జరపబోతూ.

"ఉండనీ," అన్నాడు ఎంకన్న.

తొట్టికి ఎదురుగా, మనిషి కళ్లు చేపలకు సరిగ్గా అందేంత దూరంలో, ఆ చెక్క స్టూలు ఉండిపోయింది.