కెమెరా ముందు తెల్లచీర

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఉదయగిరి గంజి కేంద్రం ముందు జనం పొద్దున్నే వరస కట్టేవారు. ఆ కరువును సినిమా తీసి చూపిస్తే దొరల దేశాల్లో చందాలు వస్తాయని కేంద్రం నడిపే క్రైస్తవ మిషన్ పైసంఘం ఒక డైరెక్టర్ని పంపింది. పేరు క్వామె, ఆఫ్రికా మనిషి. పదేళ్లు లండన్‌లో తెల్లవాళ్ల కెమెరాలు మోశాడు. సొంతంగా తీయడం ఇదే మొదలు. ఇది నచ్చితే తన దేశం మీద సినిమా తీయనిస్తామన్నారట. ఆ ఆశంతా దుబాసీగా వచ్చిన ఆత్మకూరు బడిపంతులు వరప్రసాదంతో చెప్పుకున్నాడు.

పంతులికి ఉత్సాహం ఎక్కువ, ముందుచూపు తక్కువ. రేపు మీ ఫోటోలు తీస్తారని అందరికీ చాటాడు. ఫోటో అంటే మనవాళ్ల సంగతి తెలిసిందే గదా! తాగే నీళ్లకే కటకటగా ఉంటే ఎక్కడ తెచ్చుకున్నారో గానీ, తలస్నానాలు చేసి, నూనె రాసుకుని, ఆదివారం గుడికి కట్టే బట్టల్లో బిగుసుకుని నిలబడ్డారు. మస్తానమ్మవ్వ అయితే పక్కింటి లిదియమ్మ తెల్లచీర అడిగి తెచ్చి కట్టుకుంది. గంజి ముంత వీపు వెనక దాచేసింది.

క్వామె తల పట్టుకున్నాడు. "వీళ్లకు కరువంటే ఎవరు నమ్ముతారు? నిన్నటి బట్టల్లో రమ్మనండి. లేకపోతే నాకిదే ఆఖరి సినిమా."

తప్పు తనదే. వరప్రసాదం సిగ్గుతో చచ్చిపోతూ అవ్వకు ఆ మాట చేరవేశాడు.

"ఆయనకి అమ్మ ఉండాదా?" అంది అవ్వ.

"ఉండాదవ్వా."

"ఆమెని చినిగిన కోకతో లోకానికంతా చూపిస్తాడేమో అడుగయ్యా."

కాస్త తిప్పి చెప్పుంటే సరిపోయేది. పంతులు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.  క్వామె కెమెరాను తెల్లచీర వైపు తిప్పాడు.

ఆరు నెలలకు పంతులికి క్వామె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వీళ్లకు కరువేమిటని పైసంఘం సినిమాను మూలన పడేసిందట. క్వామె చేతిలోని కెమెరా లాక్కుని, రీళ్లు అతికే గదిలో కూర్చోబెట్టారట. అతను ఎవరినీ నిందించలేదు, అవ్వకు వందనాలు చెప్పమన్నాడంతే. ఒక్క తిట్టయినా తిట్టి ఉంటే బాగుండేదని వరప్రసాదం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

వందనాలు అందుకుని అవ్వ మురిసిపోయింది. "మళ్లీ సినిమా తీసేదానికి ఎప్పుడొస్తాడంట?"

పంతులు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వస్తాడులే అవ్వా" అన్నాడు.

"నాలుగు దినాలు ముందే చెప్పమని రాయయ్యా. లిదియమ్మ ఆ చీర చాకలికేసుంటే, మళ్లా ఆయనకి ఇబ్బంది."