కండక్టరమ్మ మెత్త

పొద్దున చాయ్ తాగి, తలకూ మూతికీ పాత ఓణీ చుట్టుకొని అనీస్ బేగం దుకాణం తలుపు తీసేసరికే, వరంగల్ మండీ బజార్ వెనక గల్లీలో ఎవరో ఒకరు దిండు చంకలో పెట్టుకొని నిలబడి ఉంటారు. ఇదివరకు ఇట్లా ఉండేది కాదు. ఇంట్లో పెళ్లి కుదిరితేనో, పరుపు మరీ అట్టలా అణిగిపోతేనో జనానికి దూది ఏకించాలనే సంగతి గుర్తొచ్చేది. ఫోన్లు వచ్చాక అంతా మారిపోయింది. ఇప్పుడు మనుషులు ఫోన్ దిండు కింద పెట్టుకొని పడుకుంటున్నారు. పగలంతా వాళ్ల మీద ఎవరెవరు ఏమేం రాశారో అదంతా నిద్రలో దూదిలోకి దిగుతుంది. తెల్లారేసరికి గడ్డ కడుతుంది. మెడ పట్టేస్తుంది. దవాఖానకు పోతే డాక్టరే, "మాత్రలతో పోయేది కాదిది, అనీస్ బేగం దగ్గరికి పో" అని పంపిస్తాడు. ఆయన దిండు కూడా ఇక్కడికే వస్తుంది. ఆయన వైద్యానికి జనం ఫోన్లలో ఇచ్చే రేటింగు చుక్కలు ఒకటి దాటవు మరి.

దూదేకే విల్లు పట్టి ఏకితే గడ్డలు విడిపోతాయి. విడిపోయేటప్పుడు నారి మీద నుంచి పాట వస్తుంది. నీళ్లు కాగితే ఆవిరి వచ్చినట్టే ఇదీ. తిట్టు ఎంత గట్టిదైతే పాట అంత బాగుంటుంది. ఎలక్షన్లయ్యాక వార్డు లీడర్ దిండు ఏకుతుంటే, ఆ దారిన పోతున్న పెళ్లి ఊరేగింపు తమ బ్యాండు వాళ్లను ఆపించి ఇక్కడే ఆడింది. కాలేజీలో పాఠం చెప్పే దీప్తి మేడం దిండులోని పాటలన్నీ వెనక బెంచీ నుంచి వచ్చినట్టే వినిపిస్తాయి. రాసినవాడి చెయ్యి రాతలో ఉండిపోతుంది కదా, నారి మీద ఆ చెయ్యే పలుకుతుంది. కాకపోతే రాసినవాళ్లంతా ఎక్కడెక్కడివాళ్లో. ఎవరి చెయ్యి ఏదో ఎవరూ పట్టించుకోరు.

ఈ గల్లీలో పాట రాని దిండు ఒక్కటే, ఎదురుగా కిరాణా కొట్టు సదానందానిది. ఆయన రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు మీద శుభోదయం రాసి అందరికీ పంపుతాడు. ఒక్కరూ ఏమీ అనరు. అయినా అప్పుడప్పుడూ దిండు తెచ్చి ఏకిస్తాడు. నారి టంగు టంగుమని ఊరుకుంటుంది.

"జర గట్టిగ కొట్టరాదు, చెల్లె. లోపల ఏదన్న ఉంటదేమో," అంటాడు.

"ఉంటె రాదా, అన్నా? నిన్ను తిట్టేటందుకు ఎవ్వలికీ పురసత్ లేదు," అంటుంది అనీస్ బేగం. ఆయన ముఖం మాడ్చుకొని దిండు పట్టుకుపోతాడు.

అనీస్ బేగానికి అలుపు వచ్చి చాలా రోజులైంది. విల్లు ఆమె భర్త బాబా మియాది. దూది దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చున్నాక, ఆయన గడప పక్కన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. విల్లు ఆమె చేతికి వచ్చింది. ఆ విల్లు బాగా పాతది. మూడు దెబ్బలు వేసేసరికి నారి వదులవుతుంది. నాలుగోది వేసే ముందు ఒక్క క్షణం ఆగాలి. బాబా మియా తండ్రి ఆగేవాడు, బాబా మియా ఆగాడు, ఆమె ఆగుతోంది. చిన్నప్పుడు కొడుకు ఇర్షాద్ కూడా ఆగడం నేర్చుకున్నాడు. ఇప్పుడతను డిగ్రీ చదివి, బండి మీద అన్నం డబ్బాలు ఇంటింటికీ చేరవేస్తున్నాడు. డిగ్రీ లేకున్నా డబ్బాలు చల్లారకుండా చేరేవేనని సదానందం అభిప్రాయం. ఇర్షాద్ విల్లు ముట్టుకోక ఏళ్లయింది. తల్లి కుడి భుజం లేవడం మానేసిందని అతనికి తెలుసు. సాయంత్రం వస్తూ నొప్పి మందు తెస్తాడు, అంతే.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం సుభాషిణి వచ్చింది. దిండును రెండు చేతులతో, రుబ్బురోలు మోసినట్టు మోసుకొచ్చింది. సాయం పట్టబోయిన సదానందం, చెయ్యి దాని కింద ఇరుక్కొని, "వామ్మో, ఇది మెత్తనా బండనా!" అని అరిచాడు.

ఆమె ఎవరో చెప్పనక్కర లేకపోయింది. హన్మకొండ నుంచి ఎనుమాముల పోయే బస్సులో కండక్టర్. ఆమె వీడియో గల్లీ అంతా చూసింది. చూడలేదని చెప్పినవాళ్లు రెండుసార్లు చూసినవాళ్లు. అందులో బస్సు కిక్కిరిసి ఉంటుంది. సుభాషిణి ఒక ముసలామె మీద, "దిగు! దిగుతవా లేదా!" అని గొంతు చించుకుంటుంది. అంతే వీడియో. దానికి ముందు ఆ ముసలామె, పూలమ్మ, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఇంకో కాలు గాలిలో పెట్టి వేలాడుతున్నది ఎవరూ తీయలేదు. "లోపలికన్న రా, లేకుంటె దిగు" అని సుభాషిణి అప్పటికే ఎన్నిసార్లు చెప్పిందో కూడా తీయలేదు. తీసినవాడికి అప్పటిదాకా ఫోన్ చేతికి అందలేదట.

"అనీసక్కా, ఈ మెత్త ఇయ్యాల్నే ఏకియ్యాలె," అంది సుభాషిణి.

"ఇయ్యాల్నంటె ఎట్ల, బిడ్డా? నా రెక్క చూడు, లేస్తలేదు."

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు రాకుంటె ఇగ రానే వద్దన్నరు డిపోల. నిద్రపోక ఎన్నొద్దులైందో నాకే తెల్వదు. మొన్న డ్యూటీల నిలవడే కండ్లు మూసిన. టికెట్ చింపబోయి ఒకాయిన వేలు చింపేటిదాన్ని. ఈ రాత్రి గిన నిద్ర పట్టకుంటె నౌకరి ఇడిసిపెడుత, అక్కా. ఇగ నాతోని కాదు."

"నౌకరి ఇడిసిపెడితె ఎట్ల బతుకుతవ్?"

"ఎట్లనో అట్ల." ఆమె బెంచీ మీద కూర్చుంది. కూర్చోవడం కాదు, దించుకున్నట్టు. "ఆ నౌకరి కూడ నాది కాదు. మా ఇంటాయిన కొమురెల్లిది. ఆయిన డ్రైవర్. గుండె ఆగి పోయినంక నాకిచ్చిన్రు."

అనీస్ బేగం ఓణీ మళ్లీ మూతికి చుట్టుకుంది.

దిండు కుట్టు విప్పితే దూది రాలలేదు, గులకరాళ్లలా దొర్లింది. ఆమె విల్లు ఆనించి దెబ్బ వేసింది. ఒక్కో గడ్డా విడిపోతూ ఒక్కో పాట. "ఒళ్లు కొవ్వెక్కింది" అన్నది డప్పు దరువులా మోగింది. "వెంటనే తీసేయండి" అని ఎవరెవరో రాసినవన్నీ ఒకదాని వెనక ఒకటి, నాట్లేసే ఆడవాళ్లు పాట అందుకున్నట్టు అందుకున్నాయి. ఇంగ్లీషులో తిట్టినది మాత్రం కాస్త అపశ్రుతిగా ఉందని బాబా మియా తల అడ్డంగా ఊపాడు. గల్లీలో నలుగురు చేరారు. సదానందం తన కొట్టు వదిలేసి వచ్చి, "ఇంత మంచి తిట్లు నాకెప్పుడు పడుతయో," అని నిట్టూర్చాడు.

సుభాషిణి మాత్రం కళ్లు తెరుచుకొనే ఉంది. పాటలు ఆమె చెవిదాకా వచ్చి ఆగిపోతున్నట్టున్నాయి.

చివరికి నిమ్మకాయంత గడ్డ ఒకటి మిగిలింది. ఎంత కొట్టినా విడలేదు. అట్లాంటి మొండి గడ్డలను ఏ దూదేకులవాళ్లయినా తీసి పక్క బుట్టలో పడేస్తారు. అనీస్ బేగం కూడా చెయ్యి చాపింది. పడేసే ముందు అలవాటుగా ఇంకొక్కసారి నారి తాకించింది.

మూడుసార్లు మోగింది. ఆగింది. నాలుగోసారి మోగింది.

ఆమె కొట్టింది ఒక్క దెబ్బే.

కుర్చీలో బాబా మియా తల ఎత్తాడు. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకున్నారు. వరంగల్‌లో ఆ నాలుగో దెబ్బకు ఆగే చెయ్యి ఆ ఒక్క ఇంటిదే.

గడ్డను బుట్టలో వేస్తే అయిపోయేది. అడిగేవాళ్లు లేరు. అనీస్ బేగం కాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసింది. తర్వాత ఫోన్ తీసింది.

"ఇర్షాద్, ఇంటికి రా."

"ఆర్డర్ ఉన్నదమ్మా. బిర్యానీ చల్లారుతది."

"చల్లారనియ్. రా."

ఇర్షాద్ హెల్మెట్ తీయకుండానే వచ్చాడు. తల్లి గడ్డకు నారి ఆనించి ఒక్కసారి మోగించింది. అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక హెల్మెట్ తీసి కింద పెట్టాడు.

సుభాషిణి ఆ గడ్డను చూసి తల ఊపింది. ఎక్కడో పోగొట్టుకున్నది దొరికినప్పుడు ఊపినట్టు.

"'ఈమె మొగుడు ఎట్ల బతుకుతాండో పాపం.' గిదే గదా? పక్కన నవ్వే బొమ్మలు. నువ్వేనా రాసింది?"

"యాదికి లేదక్కా."

"నాకున్నది."

అతను అబద్ధం చెప్పలేదు. ఏదో సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడ్డప్పుడు రాశాడు. పచ్చ లైటు పడగానే పోయాడు. ఆ పొద్దు కూర చల్లగా ఉందని ఎవరో తలుపు దగ్గర నిలబెట్టి తిట్టి ఉంటారు, లేదా తిట్టి కూడా ఉండరు.

"ఎట్ల బతుకుతాండని అడిగినవ్ గదా, తమ్మీ," అంది సుభాషిణి. గొంతులో కోపం లేదు. కోపానికి కూడా కొంత నిద్ర కావాలి. "బతుకుతలేడు."

ఇర్షాద్ తల్లి వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. ఆ ముఖాల్లో అతనికి పనికొచ్చేదేమీ దొరకలేదు.

"నా రెక్క లేస్తలేదు," అంది అనీస్ బేగం. "నువ్వు ఏకు."

అతను కూర్చున్నాడు. ఏళ్లు దాటినా విల్లు భుజానికి సరిగ్గానే ఆనింది. మూడు దెబ్బలు, ఆగి, నాలుగోది. గడ్డ కదలలేదు. మళ్లీ. మళ్లీ. బండి హ్యాండిలూ ఫోనూ తప్ప ఏదీ పట్టని అరచెయ్యి ఎర్రబడింది, బొబ్బెక్కింది. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. బిర్యానీ ఎవరిదో వాళ్ల ఓపిక మీద వదిలేశాడు. గడపలో బాబా మియా తొడ మీద వేలితో తాళం వేస్తున్నాడు. ఊపిరి చాలక నాలుగో దెబ్బ దగ్గర ఆయన వేలు కూడా ఆగుతోంది.

బెంచీ మీద సుభాషిణి కళ్లు బరువుగా వాలాయి. మూడు దెబ్బలు పడి ఆ నాలుగోదానికి ముందు వచ్చే ఖాళీలో, ఏళ్ల అలవాటు ఆమె నోటిని దానంతటదే తెరిపించింది.

"పోచమ్మ మైదాన్…"

మూడు దెబ్బలు.

"ములుగు రోడ్… జరగున్రి, లోపలికి జరగున్రి…"

మూడు దెబ్బలు.

"హన్మకొండ…"

నాలుగోది పడగానే గడ్డ విడిపోయింది. అందులో నుంచి నవ్వు రాలేదు. పొద్దు గూకినాక ఖాళీ బస్సు డిపోకు మళ్లుతుంటే కిటికీలు ఒకదానికొకటి తాళం వేసుకుంటాయే, అట్లాంటిది వచ్చింది. సన్నగా, తొందర లేకుండా. సుభాషిణి తల మెల్లగా పక్కకు ఒరిగింది. దూది ఇంకా గాలిలో తేలుతూ ఆమె జుట్టు మీద, భుజాల మీద దిగుతుండగానే నిద్రపోయింది.

అనీస్ బేగం గబగబా దూది గలీబులో కూరి, నాలుగు కుట్లు వేసి, ఆమె తల కింద పెట్టింది. ఆ రోజు ఇంక గల్లీలో చప్పుడు లేదు. సదానందం గల్లీ మొదట్లో నిలబడి, వచ్చే ఆటోలను చేతులు ఊపి వెనక్కి పంపించాడు. హారన్ కొట్టిన ఒకడిని సైగలతోనే తిట్టాడు. తన జీవితంలో చేసిన పెద్ద పని అదేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు. మొన్న శుభోదయం కింద ఎవరో, "అన్నా, ఈ గులాబీలు ఇగ ఆపు" అని రాశారు. ఆయన దిండు ఎత్తుకొని పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈలంత పాట వచ్చింది. ఆ సంగతి ఆయన నోట వినని గిరాకీ లేడు.

పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ వినిపించాక సుభాషిణి లేచి, "స్టాప్ వచ్చిందా?" అని అడిగింది. ఎక్కడున్నదీ గుర్తొచ్చాక జుట్టులోని దూది దులుపుకొని, దిండు ఒంటి చేత్తో పట్టుకొని పోయింది. ఇర్షాద్ లేచి దారి ఇచ్చాడు.

మర్నాడు మొదటి బస్సుకు ఆమె పోయింది. దిండును కండక్టర్ సీటు మీద వేసుకుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా, విల్లు దెబ్బ తగిలినట్టు, అది ఒక్క చరణం పలుకుతుంది. మన రోడ్ల దయవల్ల ఎనుమాముల చేరేసరికి పాట పూర్తవుతుంది. దాన్ని కూడా ఎవరో వీడియో తీశారు. దాని కిందా జనం రాస్తూనే ఉన్నారు. రాసినకొద్దీ పాట పొడుగవుతోంది, అంతే. ముందు సీటు పూలమ్మది. "ఈ పాట నా కతలకెల్లే పుట్టింది. నేను ఆ పొద్దు కాలు బయిట వెట్టకుంటె మీకెక్కడిది?" అని ఎక్కినవాళ్లకల్లా చెబుతుంది.

పొద్దున పూట ఇప్పుడు ఇర్షాదే దూది ఏకుతున్నాడు. తల్లి భుజానికి నొప్పి మందు రాసుకొని బాబా మియా పక్కన కూర్చుంటుంది. సాయంత్రం అతను డబ్బాలు మోస్తాడు. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే బొటనవేలు ఫోన్ మీదికి పోతుంది. మూడుసార్లు తాకి, నాలుగోదానికి ఆగుతుంది. అంతలో పచ్చ లైటు పడుతుంది.

ఒకరోజు బండి మొరాయిస్తే పోచమ్మ మైదాన్ దగ్గర బస్సెక్కాడు. బస్సు కిక్కిరిసి ఉంది. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, తల వంచుకొని నిలబడ్డాడు. సుభాషిణి చూసింది. బస్సులో మాటలు తగ్గాయి. ఒకరిద్దరి చేతులు జేబుల్లోకి పోయాయి.

"లోపలికన్న రా," అంది ఆమె, "లేకుంటె దిగు."

బస్సు గుంతలో పడింది. దిండు మూడుసార్లు మోగింది. ఇర్షాద్ ఒక్క క్షణం ఆగాడు.

తర్వాత లోపలికి జరిగాడు.