నోరీన్ చేతి నీడరంగు

నోరీన్ క్లెమెంట్స్ ఎక్కే బస్సు ఏ పొద్దూ సమయానికి వచ్చింది లేదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఒకప్పుడు లేసులు అల్లిన పాత మిల్లు పై అంతస్తులో ఆవిడ పని. తడిసిన కోటు మేకుకి తగిలించి, బల్ల ముందు కూర్చుని, కుడిచెయ్యి సాసరు మీద చాపేది. బస్సు మీది కోపం వేళ్ల చివర్ల నుంచి పల్చటి గోధుమరంగు చుక్కలుగా రాలేది. పక్క బల్ల బెరిల్ ఈలోపు టీకి నీళ్లు పెట్టేది.

"ఇవాళ బాగానే దిగుతోందే. డ్రైవరుతో పెట్టుకున్నావా?"

"నన్ను చూసి కూడా ఆపకుండా పోయాడు వెధవ."

"పోనీలే. బొమ్మ గుర్రాలన్నిటికీ సరిపోతుంది."

ఆ మిల్లులో పోతపోసేవి బొటనవేలంత లోహపు సైనికులు. జనం వాటిని కొనుక్కుని, ఇంట్లో రంగులేసుకుని, బల్ల మీద పాచికలతో యుద్ధాలాడతారు. పెట్టె మీద ఫొటోలకీ, ప్రదర్శనలకీ వాడే బొమ్మలకి మాత్రం ఇక్కడే రంగులేసేవాళ్లు. ముందు చదునుగా అసలు రంగు. అది ఆరాక దాని మీద నీళ్లలాంటి నీడరంగు. అది తనంతట తనే అంగీ మడతల్లోకి, బెల్టు కిందికి, కళ్ల గుంటల్లోకి దిగుతుంది. ఆఖర్న ఎత్తుగా ఉన్నచోటల్లా, ముక్కు మీదా, వేళ్ల కణుపుల మీదా, సన్నటి వెలుగు గీత. అప్పుడా లోహపు ముక్క మనిషవుతుంది.

కొట్లో దొరికే నీడరంగులు మరకలా పైపైనే ఉండిపోయేవి. నోరీన్ కోపం మడత ఎక్కడుందో వెతుక్కుంటూ పోయేది. వాన మీదా బస్సు మీదా వచ్చే కోపం గోధుమరంగు, తోలుకీ గుర్రాలకీ. గనుల మూత గురించి రేడియోలో మంత్రి మాట్లాడిన రోజున బూడిదరంగు, కత్తులకీ కవచాలకీ. తెలిసిన మనుషుల మీద వచ్చేది ఊదా కలిసిన నలుపు. మొహాలకి దాన్ని మించింది లేదు. మేనేజరు దాన్ని మూత గట్టిగా బిగించి అల్మరాలో దాచేవాడు.

ఆ మేనేజరు పేరు రస్సెల్ పిమ్. నోరీన్ కంటే బాగా చిన్నవాడు, గొంతు వెన్నలా ఉండేది. ఆ ఊళ్లో అందరూ అందర్నీ ముద్దుగా 'డక్' అని పిలుచుకుంటారు, అతను మాత్రం ఆ మాటకి కూడా చక్కెర అద్దేవాడు. వెలుగు గీతలు పెట్టే మనిషికి కిటికీ ఉండాలి కదా, అయినా నోరీన్ బల్లని తీసుకెళ్లి టాయిలెట్ తలుపు పక్కన వేయించాడు. ఇచ్చిన సెలవు తెల్లారితే ప్రయాణమనగా రద్దు చేశాడు. ఆవిడ రంగులేసిన గుర్రపు యోధుడి ఫొటో పత్రికలో అతని పేరుతో వచ్చింది. అలాంటి రోజుల్లో సాసరు అంచు దాకా నిండేది. 'వీడికి బుర్ర లేదు' అనుకుని నోరీన్ ఊరుకునేది. తెలివితక్కువవాణ్ని ఎంతకని తిడతాం?

ఆ శరత్కాలంలో పెద్ద ప్రదర్శన ఒకటి వచ్చింది. కోట ముట్టడి: గోడల మీదా కిందా కలిపి సైన్యమంతా. సరిగ్గా ఆ వారమే నోరీన్‌కి కోపం రాలేదు. వాళ్ల నాన్న వాల్టర్ గనిలో బొగ్గు తవ్విన మనిషి, ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే. ఆస్పత్రిలో పడ్డ ఆయన ఆదివారం లేచి కూర్చుని, కస్టర్డ్ తిని, చల్లారిపోయిందని నర్సుని కేకలేశాడు. ఇక భయం లేదన్నారు. నోరీన్ వారమంతా ఏదో కూనిరాగం తీస్తూ పనిచేసింది. వేళ్ల నుంచి ఒక్క చుక్క రాలలేదు, అల్మరాలో దాచింది అడుగంటింది. కోట కింది సైనికుల మొహాలు ఉడికిన బంగాళాదుంపల్లా ఉండిపోయాయి.

రస్సెల్ వచ్చి ఖాళీ సాసరు వైపు చూశాడు.

"ఒంట్లో బాగానే ఉందా, డక్?"

"హాయిగా ఉన్నాను."

"అదే చూస్తున్నా."

శుక్రవారం పొద్దున టీ వేళకి అతని అద్దాల గదిలో ఫోను మోగింది. అతను వీపు ఇటు తిప్పి చాలాసేపు వినడం నోరీన్‌కి కనిపించింది. పెట్టేసి బయటికొచ్చి, "కోట తలుపు దగ్గరవాళ్లని ముందు కానివ్వు" అన్నాడు. ఆవిడ కానిచ్చింది. వీధిదీపాలు వెలిగే వేళకి మళ్లీ వచ్చాడు.

"మీ తమ్ముడు ఫోన్ చేశాడు. మీ నాన్నకి కాస్త నలతగా ఉందట."

ఆవిడ ఆస్పత్రికి వెళ్లేసరికి ఖాళీ మంచం మీద దుప్పటి మార్చేశారు. వరండాలో తమ్ముడు లెస్లీ నిలబడి ఉన్నాడు.

"ఎక్కడున్నావే అక్కా? పొద్దున టీ వేళకే చేశాను కదా. పిలుస్తున్నానన్నాడు మీ మేనేజరు. నాన్న నీతో మాట్లాడతానంటే ఫోను ఆయన చేతికిచ్చి నర్సు కోసం పరిగెత్తాను. వచ్చేసరికి నీతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం చెప్పాడు నీకు?"

నోరీన్ ఇంటికెళ్లేదాకా రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

అంత్యక్రియలయ్యాక పనికి వచ్చింది. బల్ల మీద సాసరు లేదు. దాని చోట తెల్లటి పింగాణీ బేసిన్ ఉంది, బిడ్డకి స్నానం చేయించేంతది. గదిలో అందరూ తలలు వంచుకుని బొమ్మల్లోకి చూస్తున్నారు.

నోరీన్ ఆ బేసిన్ వైపు చూస్తూ నిలబడింది. టాయిలెట్ పక్కన బల్ల, రద్దయిన సెలవు, పత్రికలో ఫొటో, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి ఆ బేసిన్‌లో కూర్చున్నాయి. రస్సెల్‌కి బుర్ర ఉంది. ఎప్పుడూ ఉంది.

"మా నాన్న ఏం చెప్పాడు?" అంది.

"కూర్చో, డక్. నీ బాధ నాకు తెలియదా? ముందు కాస్త దింపుకో, తేలికవుతుంది."

"మా నాన్న ఫోనులో ఏం చెప్పాడో అడుగుతున్నాను."

"ఏదో గొణిగాడు. నాకు అర్థం కాలేదు. చూడు నోరీన్, నీ నీడరంగు లేకపోతే మన పెట్టె ఎవడూ కొనడు. ఇంతమంది కడుపులు దీని మీద..."

ఆవిడ బెరిల్ వైపు తిరిగింది. "నీకు తెలుసా, నాకు కోపం తెప్పించడానికే ఇవన్నీ చేస్తున్నాడని?"

బెరిల్ కుంచె కింద పెట్టింది. "తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ. అందరికీ తెలుసు. టీ ఇచ్చి, కబుర్లు చెప్పి... నేను కూడా నీ కోపంతోనే బతుకుతున్నాను కదే."

రస్సెల్ బేసిన్‌ని ఆవిడ చేతుల కిందికి జరిపాడు. నోరీన్ దాన్ని తోసేసింది. అది నేల మీద పడి పెచ్చులూడిపోయింది. అప్పుడు దిగింది. చుక్కలు కాదు, ధార. పదివేళ్ల నుంచీ ఊదానలుపు నేలమీదికి దూకి, పలకల సందుల్లోకి, గోడ పగుళ్లలోకి, బల్లల సొరుగుల్లోకి పాకింది. మనుషుల బూట్ల మీదుగా పైకెక్కి చొక్కా మడతల్లోకి, అక్కణ్నించి మొహాల్లోకి చేరింది. దానికి మడతలు వెతకడం ఎవరూ నేర్పనక్కర్లేదు. బెరిల్ పెదవుల చివర్ల నిలబడింది. రస్సెల్ నున్నటి మొహంలో ఎవరూ ఎన్నడూ చూడని గీతల్లోకి వరసగా దిగింది: అబద్ధమాడేముందు నవ్వే చోట, వింటున్నట్టు నటించేటప్పుడు కనుబొమలు ముడిపడే చోట, ఫోను పెట్టేసి బయటికి నడిచిన ఆ క్షణపు చోట. ఆరేసరికి అతను పెట్టె మీద బొమ్మంత స్పష్టంగా ఉన్నాడు.

"ఇన్నాళ్లూ అడిగావు కదా, తీసుకో" అంది నోరీన్. కుంచెలు మూటకట్టుకుని మెట్లు దిగిపోయింది. వెనక నుంచి బెరిల్ పేరు పెట్టి పిలిచింది. ఆవిడ ఆగలేదు.

ఆ రంగు సబ్బుకి పోలేదు, స్పిరిట్‌కి పోలేదు. ప్రదర్శనలో కొనుగోలుదార్లు రస్సెల్‌తో చెయ్యి కలిపి, మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. యజమాని అతన్ని పిలిచి కాసేపు చూస్తూ కూర్చుని, ఏమీ అడక్కుండానే తాళంచెవులు ఇచ్చెయ్యమన్నాడు.

వసంతంలో ఒక మధ్యాహ్నం నోరీన్ ఇంటి తలుపు తట్టాడు. ఆవిడ వంటగది కిటికీ దగ్గర తన సొంత బొమ్మలకి రంగులేసుకుంటోంది. చేతిలో కుంచెతోనే వచ్చి తీసింది.

"తీసెయ్యమని అడగను" అన్నాడు. గొంతులో వెన్న లేదు. "పైన కాస్త వెలుగు పెట్టండి. ఒక్క గీత. మా అమ్మ కూడా నన్ను చూడలేకపోతోంది."

"ఎత్తు ఉన్నచోటే వెలుగు పెడతారు. నీ మొహంలో అది ఎక్కడుందో చూపించు, పెడతాను."

అతను వేళ్లతో మొహం తడుముకున్నాడు. బుగ్గ, నుదురు, గడ్డం. చెయ్యి కిందికి జారింది.

"మీ నాన్న..." అన్నాడు. "అర్థం కాలేదన్నది అబద్ధం. అంతా అర్థమైంది. 'నోరీన్, నేను పోతే ఆ లెస్లీగాడు నాకు నల్లసూటు తొడుగుతాడు. తొడగనివ్వకు. జీవితమంతా నల్లగానే ఉన్నాను. నా నీలం చొక్కా వెయ్యి' అన్నాడు. రెండుసార్లు చెప్పాడు. 'వింటున్నావా' అని అడిగాడు. నేను 'ఊఁ' అన్నాను."

లెస్లీ నాన్నకి నల్లసూటే తొడిగాడు. మెడ దగ్గర టై వంకరగా ఉంటే నోరీనే సరిచేసింది.

ఆవిడ వేళ్ల చివర్లు నల్లబడి, చుక్క గడప మీద పడింది. తర్వాత లోపలికెళ్లి కుంచె కడిగి, పాలలా పల్చబరిచిన రంగులో ముంచి, కొన గోటి మీద తుడిచి తెచ్చింది. అతని గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది, బొమ్మని తిప్పినట్టు. కింది పెదవి మీద వెంట్రుకంత గీత ఒకటి పెట్టింది.

"ఇంతే ఉంది. మిగతాది నీతో ఉంటుంది."

"మీరు నన్ను క్షమించ..."

"లేదు. వెళ్లు."

రస్సెల్ ఆ తర్వాత సరుకుల గోదాములో పనికి చేరాడని చెబుతారు. ఎవరు మాట్లాడినా వాళ్ల చూపు ముందు అతని కింది పెదవి మీదికే పోయేది. అందుకని నోరు తెరిచేముందు అతను ఆగేవాడు, కొన్నిసార్లు అవతలి మనిషికి విసుగొచ్చేంతసేపు. ఆగాక చెప్పింది మాత్రం జనం నమ్మేవాళ్లు.

నోరీన్ ఆ సాయంత్రం బీరువాలోంచి నాన్న నీలం చొక్కా తీసింది. ఇస్త్రీ చేసింది. తనే తొడుక్కుని, పొడుగు చేతులు మడిచి, మళ్లీ బల్ల ముందు కూర్చుంది. కోపం దిగుతూనే ఉంది. సాసరు పెట్టలేదు. అది మణికట్టు మీదుగా జారి నీలం మడతల్లోకి చేరింది, ఆవిడ చేరనిచ్చింది.