ఊటమ్మ వంతు

నిద్ర లేవగానే ఊటమ్మ ముందు తలుపు ఎటువైపుందో వెతుక్కునేది. కిందటి ఇంట్లో కుడిచేతి వైపు ఉండేది, ఈ ఇంట్లో కాళ్ల వైపు. అప్పుడప్పుడు గోడకి నుదురు కొట్టుకుని, తనలో తనే నవ్వుకునేది. ఈలోగా బయట మోటారు వేసిన చప్పుడు, ఆ వెంటనే తొట్టిలో నీళ్లు దూకే చప్పుడు. "వచ్చాయి, వచ్చాయి!" అని ఇంటివాళ్లు సంబరపడేవాళ్లు. ఆమె మొహం కడుక్కొచ్చి, ఈ ఇంట్లో చీపురు ఎక్కడ పెడతారని అడిగేది.

ఆమె ఎక్కడుంటే నేల కింది నీళ్లు అక్కడికి చేరేవి. చిన్నప్పటినుంచీ అంతే. ఆమె పుట్టింట్లో బోరు పొంగిపొర్లుతుంటే, చుట్టుపక్కల బోర్లన్నీ గాలి కక్కేవి. గొడవలు ముదిరి, ఒకరి పైపులు ఒకరు కోసుకునేదాకా వచ్చాయి. చివరికి పెద్దలు కూర్చుని, పిల్లని వంతులవారీగా అన్ని ఇళ్లలోనూ ఉంచుకుందామని తేల్చారు. అమ్మానాన్నా పోయాక ఆమెకి ఆ వంతులే మిగిలాయి.

ఎవరూ ఆమెని కష్టపెట్టలేదు. వేడివేడిగా వండిపెట్టేవాళ్లు, ఉన్నవాటిలో మెత్తటి దుప్పటి తీసిచ్చేవాళ్లు. వంతు ముగిసిన రోజు మాత్రం పక్క పొలంవాళ్లు పొద్దున్నే ట్రాక్టరేసుకుని వచ్చేసేవాళ్లు. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, "అమ్మో, ఈమెని బయటికిచ్చామంటే నీళ్లు కూడా అత్తారింటికి పోతాయి" అని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. అలా నవ్వుతూనే జుట్టు నెరిసింది.

ఆమె వెళ్లిన ప్రతి ఇంటికీ వెనకాలే మోటార్ల మెకానిక్ వచ్చేవాడు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి.

"నేను రాగానే మోటారుకి ఏదో ఒక జబ్బు చేస్తుందేమిటండీ?" అని ఒకసారి ఊటమ్మ అడిగింది.

"ఎండిపోయి కూర్చున్న మోటారు కదా! ఒక్కసారిగా అన్ని నీళ్లు చూసేసరికి దడుసుకుంటుంది" అన్నాడు.

ఆ తర్వాత మోటారు బాగానే ఉన్నా వచ్చేవాడు. విప్పి, తుడిచి, మళ్లీ బిగించేవాడు. ఆమె టీ ఇచ్చి అక్కడే గట్టు మీద కూర్చునేది. పొద్దున్నే తలుపు వెతుక్కునే సంగతి అతనికొక్కడికే చెప్పింది.

ఒకరోజు అతను స్పానర్ పక్కన పెట్టి, తల ఎత్తకుండానే అన్నాడు: "మా షెడ్డు వెనక రెండు గదులున్నాయి. తలుపు ఒకటే. ఎప్పుడూ అటే ఉంటుంది."

ఊటమ్మకి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టింది.

"నేనొస్తే నీళ్లొస్తాయి. మీది రాతినేల. గజం మడి కూడా లేదు. నీళ్లేం చేసుకుంటారు?"

"స్నానం చేస్తాను" అన్నాడతను.

ఎండలు ముదిరాయి. తర్వాతి వంతు నిమ్మతోట ఆయనది. కాయ పట్టే రోజులు కావడంతో ఆయన ఊటమ్మని ఎక్కించుకుని ట్రాక్టరుని పరుగులు పెట్టిస్తున్నాడు. మెకానిక్ షెడ్డు ముందుకి రాగానే ఆమె ఆపమంది.

"దాహమా చెల్లెమ్మా?"

"కాదన్నయ్యా. నేనిక్కడ దిగిపోతాను."

మర్నాటికి రాతినేల చెమ్మగిల్లింది. అందరి మోటార్లూ గాలి కక్కాయి. సాయంత్రానికి రైతులంతా షెడ్డు ముందు చేరారు.

"నీకేం తక్కువ చేశాం? అడిగితే మేడ మీద గది ఇచ్చేవాణ్ణి కదా!" అన్నాడు నిమ్మతోట ఆయన. "నా చెట్లు చచ్చిపోతాయమ్మా."

ఊటమ్మ తల వంచుకుంది. "ఏమీ తక్కువ చేయలేదన్నయ్యా. నాకే ఉండాలనిపించింది."

అప్పుడు నిమ్మతోట ఆయన భార్య కొంగు బిగించుకుని ముందుకొచ్చింది. "ఇన్నాళ్లూ మన వంతు ఎప్పుడా అని ఎదురుచూశాం. ఈమె వంతు ఎప్పుడండీ?"

ముందు నిలబడ్డవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. మెకానిక్ మెల్లగా అన్నాడు, "నీళ్లు మాకొద్దు. ఇక్కడే ఉమ్మడిగా ఒక బోరు వేసుకోండి. అందరి పొలాలకీ పైపులు నేను లాగుతాను. కానీ ఒక్క బోరు చెరకుకి చాలదు."

చెరకు రైతులు ఎగిరారు. మాటామాటా పెరిగింది. చివరికి, ఊటమ్మని చెయ్యి పట్టి ట్రాక్టరెక్కించే ధైర్యం ఎవరికీ లేక, ఒప్పుకున్నారు. పైపులు పడేలోగా నిమ్మతోట సగం ఎండిపోయింది. మిగిలిన సగంలో మొదటిసారి నీళ్లు పారినప్పుడు ఆయన ఒక బుట్టెడు కాయలు షెడ్డుకి పంపించాడు. తను మాత్రం రాలేదు. చెరకు వేసే చోట జొన్నలు వచ్చాయి. వాల్వు తిప్పే దగ్గర రోజూ చిన్నాచితకా తగాదాలు జరిగేవి. పైపులు కోసుకునేదాకా మాత్రం మళ్లీ ఎవరూ వెళ్లలేదు.

వానలు మొదలయ్యాక ఒకనాడు, నిమ్మతోట వదినకి జ్వరమని కబురొచ్చింది. ఊటమ్మ చెప్పులు వేసుకుని బయల్దేరింది.

"వెళ్లొస్తాను" అంది.

అనేసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఎన్ని గుమ్మాలు దిగిందో, ఆ మాట ఎక్కడా అనలేదు. మళ్లీ ఎప్పుడొస్తుందో ఏ ఇంట్లోనూ తన చేతిలో ఉండేది కాదు. వెనక్కి తిరిగి చూసింది. మెకానిక్ నట్లు కడుగుతున్నాడు.

"వెళ్లొస్తానంటున్నాను!"

"ఆఁ, విన్నాను. పొద్దుపోకముందే వచ్చెయ్" అన్నాడు.

ఆమె వెంటే నీళ్లూ వెళ్లాయి. ఆ మధ్యాహ్నం ఉమ్మడి బోరు గుటకలు వేస్తూ ఊరుకుంది. వాల్వు దగ్గరున్న వాళ్లు "వదినని చూడ్డానికి వెళ్లిందట" అనుకుని చెట్టు కింద కూర్చున్నారు.

ఎండ వాలే వేళకి షెడ్డు నేల కింద గలగలమంది. మెకానిక్ చేతులు తుడుచుకుని లోపలికెళ్లి, ఇద్దరికీ టీ పెట్టాడు.