డ్రాయింగులో లేని అరుగు

పోలరాజు కట్టర్ బ్లేడు మొనను పట్టకారుతో విరిచి పాత పాలడబ్బాలో వేశాడు. మొద్దుబారిందా లేదా అని చూడడు. పొద్దున్న ఏడున్నరకు వర్క్‌షాపు తాళం తీయగానే ఒక గీత మేర విరిచేస్తాడు. నిన్నటి మొనతో ఇవాళ కోస్తే బోర్డు అంచు పీచు లేస్తుందని అతని నమ్మకం. తర్వాత ఉక్కు స్కేలును చొక్కా కొసతో తుడుస్తాడు. ఫెవికాల్ సీసా మూతిలో ఎండిన జిగురును మేకుతో తవ్వి తీస్తాడు. ఆ తర్వాతే టీ.

అది టాటానగర్‌లోని బిష్టుపూర్ పేటలో ఒక డిజైన్ కాలేజీ. విద్యార్థులు తాము గీసిన ఇళ్లను, వీధులను, బస్టాండ్లను అట్టతోనూ చెక్కతోనూ చిన్నవిగా చేసి చూపించాలి. వాళ్లకు చేతకాని కోతలు పోలరాజు కోస్తాడు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. కాంట్రాక్టు మనిషి. ఇవాళ మార్చి ముప్పై ఒకటి. ఇవాళ్టితో అతనికి అరవై నిండాయని, ఇక పని లేదని కాగితం చెబుతోంది.

నిజానికి అతనికి యాభై ఐదు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో కలాసీగా చేరాడు. పోలరాజు ఈ ఊళ్లోనే బాగ్‌బేరాలో పుట్టాడు. పదిహేడో ఏట షార్జా పోదామంటే, ఇరవై ఒకటి నిండనివాడికి వీసా రాదని ఏజెంటు చెప్పి పాస్‌పోర్టులో ఐదేళ్లు పెంచి రాయించాడు. ఆ వీధిలో గల్ఫు పోయిన కుర్రాళ్లలో సగం మందికి రెండు వయసులు. తర్వాత ప్రతి కాగితమూ ఆ పాస్‌పోర్టు చూసే రాశారు. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్న సుమన్, వారం కిందట ఈ సంగతి విని, అఫిడవిట్ వేద్దామన్నాడు.

"వద్దు బాబూ," అన్నాడు పోలరాజు. "ఆ ఐదేళ్లు అమ్ముకుని అన్నం తిన్నాను. ఇప్పుడు అబద్ధమంటే తిన్నది తిరిగొత్తాదేటి?"

మిగిలింది ఒకటే దారి. డిపార్ట్‌మెంట్ హెడ్ తనుశ్రీ మేడమ్ సంతకం పెడితే ఆరు నెలలు పొడిగిస్తారు. అర్జీ ఆవిడ బల్ల మీద ఉంది. ఇవాళ విద్యార్థుల పని చూసి మార్కులు వేసే జ్యూరీ అయ్యాక పెడతానని మాటిచ్చింది.

పొద్దున్న టిఫిన్ క్యారేజీ చేతికిస్తూ భార్య జోగమ్మ ఆ మాటే ఎత్తింది.

"సాయంత్రం దాకా నోటికి తాళమెయ్యి మావా."

"నానేటన్నాను?"

"ఏటీ అనకముందే సెప్తన్నాను. అన్నాక సెప్పడానికి ఏటుంటాది?"

జ్యూరీకి షార్జా నుంచి ప్రొఫెసర్లు వస్తున్నారు. అక్కడి ఒక కాలేజీ, ఈ కాలేజీ కలిసి పెట్టుకున్న పాఠం అది. అక్కడి విద్యార్థులు బిష్టుపూర్‌లో ఒక వీధిని మార్చి గీయాలి. ఇక్కడివాళ్లు షార్జాలో ఒక పాత వీధిని. సర్వే చేసి గీసిన కొలతల డ్రాయింగులూ ఫొటోలూ అటూ ఇటూ మారాయి. ఆ వీధిలో ఒక మూల బిల్డింగు ఎమిలీ అనే మూడో ఏడాది అమ్మాయికి వచ్చింది. ఈ ఊళ్లోనే సీతారాండేరా పిల్ల. తండ్రి స్టీలు ప్లాంటులో పనిచేస్తాడు. ఇంట్లో తెలుగే, కానీ తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది.

ఆ బిల్డింగు ఫొటోను పోలరాజు చూడగానే గుర్తుపట్టాడు. కింద కొట్లు, వాటి ముందు స్తంభాలు, పైన నాలుగు అంతస్తులు. ఆ స్లాబులకు సెంట్రింగ్ కొట్టింది అతనూ అతని జట్టూ. షార్జా వెళ్లిన ఆరో ఏడు.

సెంట్రింగ్ వాడు కట్టినదేదీ నిలవదు. కాంక్రీటు గట్టిపడ్డాక అతని పలకలు విప్పి మరో చోటికి లాగేస్తారు. షార్జాలో ఉన్న పందొమ్మిదేళ్లలో ఎన్ని స్లాబుల కింద మేకులు దిగ్గొట్టాడో అతనికే తెలియదు. వాటిలో ఏదీ తనదని చెప్పుకోలేదు. ఒక్కటి తప్ప. ఆ బిల్డింగు ఆఖరి స్లాబు పోసిన రోజు లారీలో కొంత కాంక్రీటు మిగిలింది. ఇసుకలో పారబోయమన్నాడు ఫోర్‌మన్. పోలరాజు, టాటానగర్ నుంచే వచ్చిన అగస్టిన్, ఇంకో ఇద్దరు కలిసి విరిగిన పలకలు ఏరుకొచ్చి కొట్టు గోడ వెంబడి అరగంటలో పెట్టె కట్టారు. మిగిలిన కాంక్రీటు అందులో పోశారు. ఇరవై రెండు అడుగుల పొడవు, రెండు జానల ఎత్తు. అరుగు. ఫోర్‌మన్ ఆ రోజు తిట్టాడు. పై శుక్రవారం, సెలవు రోజు, వచ్చి తనే దాని మీద కూర్చున్నాడు.

కొట్టు తూర్పు ముఖం. మూడు దాటితే అరుగంతా నీడ. టాటానగర్ నుంచి కొత్తగా దిగినవాడు ఎవరైనా సరే, కూలీల కాంపులో వాడికి మొదట చెప్పే మాట ఒకటే. శుక్రవారం మూడింటికి మలయాళీ కొట్టు అరుగు దగ్గరికి పో, మన మాట వినబడుద్ది అని. అగస్టిన్ అక్కడే కూర్చుని చదువు రానివాళ్ల ఉత్తరాలు చదివి పెట్టేవాడు. మంచి వార్త గట్టిగా, చెడ్డ వార్త చెవిలో.

ఎమిలీ డ్రాయింగులో ఆ చోట అరుగు లేదు. నడిచేవాళ్లకు అడ్డు లేకుండా, ఎవరూ చేరకుండా, అంచు వాలుగా చెక్కిన పూలకుండీల వరుస ఉంది.

ఎనిమిదిన్నరకు ఎమిలీ మోడల్‌ను వర్క్‌షాపు బల్ల మీద పెట్టి కుండీలు అతికిస్తోంది. పోలరాజు గోడకు పిన్నులతో గుచ్చిన ఫొటో దగ్గరికి వెళ్లాడు.

"ఏటి పాపా, ఈళ్లు దేని మీద కూకున్నారు?"

"ఫుట్‌పాత్ పే, అంకుల్."

"ఫుట్‌పాత్ మీద కూకుంటే మోకాళ్లు సెవుల కాడికి వత్తాయి. ఈళ్ల కాళ్లు సూడు. కుర్చీలో కూకున్నట్టు నేవా?"

ఎమిలీ లేచి వచ్చి చూసింది. పదకొండు మంది. పదకొండు మందీ పక్కపక్కన, సందు లేకుండా. మోకాళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయి.

"సర్వే మే నహీ హై," అంది.

"సర్వే సేసినోడు శుక్రవారం వచ్చుంటాడు. అరుగు కనబడాలంటే జనం లేవాల. ఆళ్లు లెగరు. ఈడు రాసుకోనేదు."

"ఆప్ కో కైసే పతా?"

"పోసింది నానే కాబట్టి."

ఎమిలీ నవ్వింది. అతను నవ్వలేదు. ఆమె నవ్వు ఆపేసింది.

పోలరాజు తుక్కులోంచి దేవదారు ముక్క తీశాడు. మోడల్ యాభయ్యో వంతు. పొడవు పదమూడు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు. ఎత్తు తొమ్మిది మిల్లీమీటర్లు. కోసి, కుండీలు ఇంకా అతికించని చోట పెట్టాడు. జిగురు పెట్టలేదు.

"అంకుల్, మార్క్స్ కట్ జాయేంగే," అంది ఎమిలీ. చెయ్యి మాత్రం దాన్ని తియ్యలేదు.

పదకొండింటికి తనుశ్రీ మేడమ్ వచ్చింది. మోడల్ చుట్టూ తిరిగి, ఆ ముక్కను రెండు వేళ్లతో ఎత్తి ఇదేమిటని అడిగింది. ఎమిలీ పోలరాజు వైపు చూసింది. అతను హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ విన్నది. ఆమె వినే మనిషే. బెంగాలీలో అన్నా అన్నట్టు అతని పేరుకు 'దా' చేర్చి పిలుస్తుంది.

"రాజు దా, డ్రాయింగు వాళ్లది. వాళ్లిచ్చిన డ్రాయింగు తప్పని వాళ్ల ముందే చెబితే ఈ పిల్ల మార్కులు పోతాయి. సాయంత్రం మీ కాగితం మీద సంతకం పెడతాను. ఈ ఒక్కపూటా..."

ముక్కను అతని అరచేతిలో పెట్టింది. పోలరాజు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎమిలీ మిగతా కుండీలు అతికించింది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పాడు. చింతపండు పులుసులో బెండకాయలు. జోగమ్మ మాట కూడా ఆ గిన్నెలోనే పెట్టి పంపినట్టుంది. తిన్నంతసేపూ అదే వినబడింది.

మూడింటికి హాల్లో జ్యూరీ మొదలైంది. మోడళ్ల వెనక గోడకు ఎవరి ఫొటోలూ సర్వే కాగితాలూ వాళ్లు గుచ్చుకున్నారు. వర్క్‌షాపు మనుషులు హాల్లోకి రారు. మోడల్‌లో ఏదైనా ఊడితే అతికించడానికి ఒకరు జిగురు సీసాతో గుమ్మం బయట నిలబడాలి. అది ఆ కాలేజీ ఆచారం. పోలరాజు నిలబడ్డాడు.

ఎమిలీ వంతు నాలుగోది. షార్జా ప్రొఫెసర్ కళ్లజోడు పైకి నెట్టుకుని వంగి కుండీల వరుస చూశాడు. బాగుందన్నాడు. ఇప్పుడు ఆ చోట ఏముందని ఇంగ్లీషులో అడిగాడు.

ఎమిలీ గోడ మీది ఫొటో వైపు చూసింది.

"నథింగ్, సర్. ఎంప్టీ."

ఆ రెండు మాటల్లో రెండోది పోలరాజుకు తెలుసు. షార్జాలో సిమెంటు బస్తాల గురించి, నీళ్ల పీపాల గురించి, ఎప్పుడు పడితే అప్పుడు విన్న మాట. అతను జిగురు సీసా గుమ్మం దగ్గర నేల మీద పెట్టి లోపలికి నడిచాడు.

"ఖాళీ కాదు సాబ్," అన్నాడు హిందీలో. "అరుగుంది. నేను పోశాను."

తనుశ్రీ మేడమ్ కుర్చీలో ముందుకు జరిగింది. గల్ఫులో చాలామందికి వచ్చినట్టే ఆ ప్రొఫెసర్‌కూ హిందీ వచ్చు.

"సర్వేలో లేదే?"

"సర్వేలో లేదు. ఫొటోలో ఉంది." పోలరాజు గోడ దగ్గరికి వెళ్లి వేలు పెట్టాడు. "పదకొండు మంది. వీళ్లు గాలిలో కూర్చున్నారా?"

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రొఫెసర్ లేచి వచ్చాడు. కళ్లజోడు తీసి ఫొటోకు ముఖం దగ్గరగా పెట్టాడు.

"ఉండొచ్చు," అన్నాడు. "ఉన్నా అది అనుమతి లేని కట్టడం. కొత్త ప్లానులో ఎలాగూ తీసేస్తారు."

"తియ్యండి సాబ్. నేను కట్టినవన్నీ తీసేసినవే. నాకు అలవాటే. తీసే ముందు ఉందని రాయండి. ఇరవై రెండు అడుగులు, రెండు జానలు. ఎంప్టీ అని రాయొద్దు."

ప్రొఫెసర్ చేతిలో పెన్ను ఉంది. అది కదల్లేదు.

"రాజు దా, బయటికి," అంది తనుశ్రీ మేడమ్. గొంతు పెంచలేదు.

పోలరాజు జేబులోంచి చెక్కముక్క తీసి మోడల్ పక్కన, బల్ల అంచున పెట్టాడు. బయటికి వచ్చి జిగురు సీసా చేతిలోకి తీసుకుని, ముందు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఇంకా రెండు మోడళ్లు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకదానికి గోడ ఊడితే పిలిచారు. వెళ్లి అతికించి వచ్చాడు.

నాలుగున్నరకు అంతా అయింది. వచ్చినవాళ్లు సిబ్బందికి తలా ఒక ఖర్జూరాల పెట్టె పంచారు. ప్రొఫెసర్ పోలరాజు చేతికీ ఒకటి ఇచ్చాడు. అందరూ వెళ్లాక తనుశ్రీ మేడమ్ అతని ఎదురుగా ఆగింది.

"సంతకం పెట్టేదాన్ని," అంది.

"తెలుసు మేడమ్."

"మీరు మధ్యలో లోపలికొచ్చారా అని పైవాళ్లు అడుగుతారు. నేనేం చెప్పను?"

"వచ్చాడనే చెప్పండి. నిజమే కదా."

ఆవిడ తల పంకించి మెట్లు దిగిపోయింది.

హాల్లో ఎమిలీ ఒక్కతే ఉంది. బల్ల మీద మార్కుల కాగితం బోర్లా పడి ఉంది. ఆ పిల్ల కట్టర్‌తో కుండీలను ఒక్కొక్కటే లేపుతోంది. లేచిన చోట బోర్డు పొర చిరిగి తెల్లగా బయటపడింది. పోలరాజు గుమ్మంలో ఆగాడు.

"మార్కులు పోయాయా?"

"చలే గయే. అబ్ క్యా," అంది. ఆఖరి కుండీ లేపి పక్కన పడేసింది. గోడకున్న సర్వే కాగితాన్ని పిన్నులు పీకి బల్ల మీద పరిచింది. పెన్సిల్ తీసి కొట్టు ముందు రెండు గీతలు గీసింది. కొలత రాసే చోట ఆగి తలెత్తింది.

"జాన... జాన అంటే ఎంత, అంకుల్?"

పోలరాజు బల్ల దగ్గరికి వచ్చి కాగితం పక్కన అరచెయ్యి బోర్లా వేసి వేళ్లు చాపాడు. ఎమిలీ స్కేలు పెట్టి కొలిచింది. రెండింతలు చేసి రాసింది. పొడవు కూడా రాసింది. తర్వాత ఫెవికాల్ సీసా అతనికి అందించింది.

అతను అందుకోలేదు.

"నువ్వే పెట్టు. వీధి నీది. నాను పెడితే నా మాటవుద్ది."

ఎమిలీ ముక్క అడుగున జిగురు రాసి, కొట్టు గోడకు ఆనించి దించింది. చిరిగిన పొరల మీద అది సరిగ్గా ఆనలేదు. ఒక కొస లేచింది. వేలితో నొక్కి పట్టుకుని బరువు కోసం అటూ ఇటూ చూసింది. పోలరాజు చేతిలోని ఖర్జూరాల పెట్టె దాని మీద పెట్టాడు. కొస దిగింది.

"ఎంతసేపు?"

"పొద్దున్నదాకా. సెంట్రింగ్ తొందరపడి ఇప్పకూడదు."

"కల్ తో ఆప్ నహీ రహేంగే," అంది, రేపు అతను ఉండడని గుర్తొచ్చి.

"ఇప్పడానికి నానెందుకమ్మా? ఇప్పడం ఎవులైనా ఇప్పుతారు."

వర్క్‌షాపుకు వెళ్లి స్కేలు కడ్డీకి తగిలించాడు. కట్టర్‌లో బ్లేడు లోపలికి నెట్టాడు. తాళంచెవులు సుమన్‌కు ఇచ్చాడు. సుమన్ గేటుపాసు అడగలేక అడిగాడు. అతను మెడలోంచి తీసి, దారం చుట్టి ఇచ్చాడు.

"సంతకం కాలేదంట కదా, రాజన్నా. నోరు మూసుకుని ఉంటే ఆరు నెల్లు వచ్చేవి," అన్నాడు సుమన్.

"ముప్పై ఏళ్లు మూసుకున్నాను బాబూ. అందుకే సర్వేలో నేకుండా పోయింది."

సైకిలు స్టాండు తీశాడు. క్యారేజీ హ్యాండిల్‌కు తగిలించాడు. షిఫ్టు వదిలిన ఆటోలు రోడ్డు మీద నిండి ఉన్నాయి. వాటి మధ్య దారి చేసుకుని బాగ్‌బేరా వైపు తొక్కుకుంటూ పోయాడు. వెనక్కి చూడలేదు. చూడడానికి రోడ్డు ఖాళీగా లేదు.

ఆరింటికి కాపలా మనిషి హాల్లో ఫ్యాన్లు ఆపి తలుపు తాళం వేశాడు. బల్ల మీద షార్జా వీధి, వీధిలో కొట్టు, కొట్టు ముందు సీలు విప్పని ఖర్జూరాల పెట్టె, అరుగంత పొడుగునా.