చీర కోసినాక ఏడ్చుకో

నా నోరు మంచిది కాదని కాటన్‌పేటలో అందరికీ తెలుసు. గౌరమ్మలాంటి కోడలు దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా గొంతుకు ఏ ఇల్లూ నిలిచేది కాదు.

జరీ అంచు నేయడం దానికి వచ్చినట్టు నా కొడుకు ఓబళప్పకు కూడా రాదు. యాభై ఆరులో చిక్కపేట షావుకారు వెంకటరమణప్ప తన కూతురి ధార చీర పట్టుబట్టి గౌరమ్మ చేతనే నేయించాడు. కన్యాదానంలో ధార పోసేటప్పుడు పెళ్ళికూతురు కట్టుకునే చీర అది. మొదలుపెట్టిన చెయ్యే దాన్ని ముగించాలి. మగ్గం మీదుండగా నేసేవాళ్ళ కన్నీళ్ళు పడితే, కట్టుకున్న పిల్ల కాపురం నిలవదు. ఈ మాట మా అత్త నాకు చెప్పింది, నేను గౌరమ్మకు చెప్పాను.

చీర సగంలో ఉండగా గౌరమ్మ కూతురు అనసూయ గొంతు వాచి చనిపోయింది. నాలుగేళ్ళ పిల్ల. చిన్నబిడ్డ కాబట్టి మైల మూడు రోజులే. నాలుగో రోజు పొద్దున్నే గౌరమ్మను మగ్గం గుంటలో కూర్చోబెట్టింది నేనే.

"ఏడవొద్దమ్మీ. ఇంగా పదైదు దినాల పని ఉండాది. చీర కోసినాక నీకెంత కావాల్నో అంత ఏడ్చుకో."

"సరే అత్తా," అంది.

నేను ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టి మర్నాడే సంగటి కెలికినదాన్ని. ఏడుపంటే అటక మీది సామాను, కావలసినప్పుడు దించుకోవచ్చు అనుకున్నాను. పక్కింటి చౌడమ్మ పరామర్శకు వస్తే, ఎక్కడ ఏడిపిస్తుందోనని గుమ్మంలోనే ఆపి పంపేశాను.

నేత ముగిసి మగ్గం మీంచి చీర కోసిన రోజు షావుకారు అంచు చూసి మెచ్చుకుని వెళ్ళాడు. తలుపు మూసి, పిల్ల గౌను తెచ్చి గౌరమ్మ ఒళ్ళో పెట్టాను.

"ఇంగ ఏడ్చుకోమ్మీ."

అది గౌను మడత పెట్టింది. "రాలేదత్తా," అంది, ఏదో తప్పు చేసినదానిలా.

రేపొస్తుందిలే అన్నాను. నెలలు గడిచినా రాలేదు. ఉప్పు లేని చారు పోసినా తినేది, అడిగితే బాగుందనేది. మళ్ళీ కడుపు పండింది. బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయని అందరూ అన్నారు, అందరికంటే గట్టిగా నేనన్నాను. మగపిల్లాడు పుట్టాడు. మూడో నెలలో తల్లిని చూసి నవ్వాడు.

"నవ్వుతుండాడు చూడమ్మీ!"

"చూసినానత్తా. నాకేం అనిపించలా. అనసూయ నవ్వినప్పుడు ఎట్లుండేదో గూడా గ్యాపకం రాలేదు."

పెరట్లోకి వెళ్ళి, ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఏడ్చాను. చేసిన పాపం నాదే. తిట్టడానికి ఇంకెవరూ దొరకలేదు.

గౌరమ్మ వేళకు పాలిస్తుంది, నీళ్ళు పోస్తుంది, దేనికీ లోటు చేయదు. వాడికిప్పుడు ఎనిమిది నెలలు. ఆకలేసినా, పక్క తడిసినా కిక్కురుమనడు. "ఎంత బుద్ధిమంతుడమ్మా నీ మనవడు! దిష్టి తియ్యి," అంటుంది చౌడమ్మ.

నిన్న మధ్యాహ్నం ఉయ్యాల పక్కన గౌరమ్మ కండెలు చుడుతుండగా, వాడి తొడ గిల్లాను. ఎర్రగా కందేటట్టు గిల్లాను. వాడు నోరు తెరిచాడు. తల తిప్పి తల్లి మొహం ఒకసారి చూశాడు. నోరు మూసుకున్నాడు.